నేను మాట్లాడని సాయంత్రం

మైకు ముందు కూర్చోవడం నాకు నేర్పిన మనిషిని మాస్టారూ అని పిలిచేదాన్ని. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఒక చిన్న సర్కారు రేడియో స్టేషన్లో పనిచేసేవారు. నేను అక్కడ రోజువారీ అనౌన్సరుగా చేరాను. పిలిచిన రోజు వెళ్లాలి, పిలవని రోజు ఇంట్లో ఉండాలి.

మాది రామతీర్థంలో గుడి సేవ చేసుకునే కుటుంబం. నాన్న పొద్దున్నే స్వామికి మేలుకొలుపులు పాడతాడు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని పాడిన అలవాటు కొద్దీ, మైకు ముందు కూడా గుడి మెట్ల కింద నుంచున్న జనానికి వినబడాలన్నట్టు గట్టిగా మాట్లాడేదాన్ని. మాస్టారు మొదటి రోజే స్టూడియో తలుపు తోసుకుని వచ్చి, వినేవాడు ఒక్కడేనమ్మా, నీకు మూరెడు దూరంలో కూర్చున్నాడు, వాడితో మాట్లాడు, ఊరందరితో కాదు అన్నారు. అంతే. ఆ ఒక్క మాటతో నా గొంతు దారిలో పడింది.

కొన్నేళ్లకి ఆ స్టేషన్లో మా కార్యక్రమాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఎక్కడో తయారైనవి ఇక్కడ రిలే చేయడం మొదలైంది. నన్ను నెలకి ఆరుసార్లు పిలిచేవాళ్లు, తర్వాత రెండుసార్లు, తర్వాత పిలవలేదు. మాస్టారు రిటైరయ్యారు. ఆ సంవత్సరమే విజయనగరంలో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు ఎఫ్.ఎం. వాళ్లు ఆయన్ని స్టేషన్ మేనేజరుగా తీసుకున్నారు. చేరిన వారానికే నాకు ఫోన్ చేశారు.

స్థానిక రేడియోలు బతకాలని ప్రభుత్వం డబ్బు సాయం చేస్తోందట, ప్రైవేటువైనా సరే. దానికి షరతు ఒక్కటే. రోజూ అరగంట, ఆ చుట్టుపక్కల జనానికి పనికొచ్చే కార్యక్రమం వెయ్యాలి. వాళ్ల భాషలో, ప్రకటనలు లేకుండా, ఏ రోజుకారోజు తాజాగా. నాకు నువ్వు కావాలి, తీరం వాళ్ల కోసం చేద్దాం అన్నారు మాస్టారు. పోయిందనుకున్న పని తిరిగి వచ్చి తలుపు తట్టినట్టయింది నాకు. ఆ రోజు ఒప్పంద పత్రం ఇచ్చారు. పది పేజీల ఇంగ్లీషు. ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టాను.

కార్యక్రమం సాయంత్రం ఏడు గంటలకి. మరునాడు గాలి ఎటు నుంచి, కెరటం ఎలా ఉంటుంది, వేటకి వెళ్లొచ్చా లేదా అన్నది మొదట చెప్పేదాన్ని. తర్వాత చేపల ధరలు, పథకాల సంగతులు, ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ల మాట. వాతావరణ కేంద్రం నుంచి వచ్చిన కాగితాన్ని మొదటి వారమంతా ఉన్నదున్నట్టు చదివాను. వాయవ్య దిశ నుండి ఓ మోస్తరు గాలులు వీచును, అని.

రెండో వారంలో ఒకావిడ స్టూడియోకి వచ్చింది. భోగాపురం దాటాక తీరం మీద ఒక పల్లె వాళ్లది. రోజూ తట్టతో ఆటోలో వచ్చి విజయనగరం మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఖాళీ తట్ట గుమ్మం బయట పెట్టి, రేడియోలో మాట్లాడే మనిషెవరని అడిగింది. నేనే అన్నాను. కాసేపు నన్ను పైనుంచి కిందికి చూసింది.

"వాయవ్యం అంటే మాకేటి తెలుస్తాదమ్మా? కొండగాలి అను. ఎవులైనా ఇంటారు."

ఆ రోజు ఆమెను కూర్చోబెట్టి కాగితం మీద రాసుకున్నాను, ఏ గాలిని ఏమంటారో, ఏ కెరటాన్ని ఏమంటారో. ఆ సాయంత్రం నుంచి కార్యక్రమం మారిపోయింది. వాళ్ల వైపు అక్కని పిలిచినట్టు నేను ఆమెను అప్పా అని పిలవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో చేప వండరు కాబట్టి ఆమె దగ్గర నేను కొనేదేమీ లేదు. అయినా తట్ట ఖాళీ అయ్యాక వారానికోసారి మా ఇంటి మీదుగా వెళ్లేది. గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు తాగి, నిన్న నువ్వు చెప్పినట్టే గాలి తిరిగిందనో, ధర తప్పు చెప్పావనో చెప్పి లేచేది. వాళ్ల పల్లెలో వలలు బాగుచేసుకునే పాకలో రేడియో వేలాడదీసి ఉంటుందని, ఏడు అయ్యేసరికి మగవాళ్లంతా అక్కడ చేరతారని ఆమే చెప్పింది. ఆమె భర్తకి సొంత పడవ ఉంది. పడవ మీద ఇంకో ముగ్గురు వెళతారు. ఆయన నా మాట వినకుండా ఇసుకలో కాలు పెట్టడని నవ్వుతూ చెప్పింది. ఆ మాట విన్న రోజు నేను అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచించాను.

ఏడాది తిరిగేసరికి, ప్రభుత్వ సాయం కొనసాగించాలా వద్దా అని తేల్చడానికి ఒక బృందం వస్తుందన్నారు. వాళ్లు వినేవాళ్లని కలవాలట. మాస్టారు ఆ పని నాకు అప్పగించారు. నేను పల్లెకి వెళ్లి వలల పాకలో అందరినీ కూడగట్టాను. ఏం మాట్లాడాలో నేను చెప్పలేదు, మీకు తోచింది చెప్పండి అన్నాను. కానీ రమ్మని బతిమాలింది మాత్రం నేనే. ఆ రోజు సముద్రం బాగుంది, వేటకి వెళ్లాల్సిన రోజు. నా కోసం పడవలు ఒడ్డునే ఉంచేశారు.

అధికారులు ముగ్గురు వచ్చారు. వాళ్ల ముందు అప్ప లేచి మాట్లాడింది. ఫోన్లో వచ్చే మెసేజీలు ఇంగ్లీషులో ఉంటాయనీ, చదివేవాళ్లు ఇంట్లో ఉండరనీ, ఈ రేడియో వచ్చాక గాలి చెప్పకుండా కొట్టిన రోజు లేదనీ చెప్పింది. "ఈయమ్మ మాటినే మావోడు సంద్రంలోకి ఎల్తాడు" అంది చివర్లో. వచ్చినవాళ్లలో ఒకాయన ఆ మాట రాసుకోవడం నేను చూశాను. నా పక్కన నుంచున్న మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తడి దొంగది కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను. అదే నాకు మింగుడుపడని సంగతి.

సాయం మంజూరైంది. స్టూడియోకి కొత్త అద్దాల గది వచ్చింది. విశాఖపట్నం నుంచి ఇద్దరు జాకీలు వచ్చి, పొద్దున్న సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టారు. ఊరంతా దాని పోస్టర్లే. నా అరగంట నాకుంది, నాకెందుకులే అనుకున్నాను.

వానాకాలం మొదట్లో మాస్టారు పిలిచి, వారమంతా ఒక్కదానివే చేస్తున్నావు, గొంతు పాడవుతుంది, ఆదివారం సోమవారం సెలవు తీసుకో అన్నారు. మీ నాన్నగారి పాటలు రాసుకోవాలని ఉందన్నావు కదా, ఆ రెండు రోజులూ వెళ్లి రాసుకో అన్నారు. ఆ సంగతి ఎప్పుడో ఒకసారి చెప్పాను, ఆయన గుర్తుపెట్టుకున్నారని పొంగిపోయాను. మరి ఆ రోజుల్లో కార్యక్రమం ఎలా అని అడిగితే, జానపదాలు వేద్దాం, సముద్రం సంగతి ఎవరో ఒకరు చదువుతారు అన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే రామతీర్థం వెళ్లి మంగళవారం తిరిగి వచ్చేదాన్ని. మా స్టేషను శక్తి తక్కువ. మా ఊరికి వచ్చేసరికి కొండ అడ్డం. రేడియో పెడితే గరగర తప్ప ఏమీ రాదు. నాన్న పాడుతుంటే నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. పాతకాలపు మాటలు అర్థం కాకపోతే ఆపి అడిగేదాన్ని, ఆయన విసుక్కునేవాడు. ఆ నెలలు సుఖంగా గడిచాయి.

దసరా వెళ్లాక ఒక ఆదివారం మధ్యాహ్నం, నాన్న పెట్టిన టీవీలో కింద పోతున్న అక్షరాలు చూశాను. తీరంలో బలమైన గాలులు, మత్స్యకారులు రేపు వేటకు వెళ్లరాదు అని. వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను. హెచ్చరిక వచ్చింది, ఏడు గంటలకి ఎవరితోనైనా తప్పకుండా చదివించండి అన్నాను.

"చదివిస్తానమ్మా. నువ్వు కంగారుపడకు. పాటలు రాసుకో" అన్నారు.

నేను పాటలు రాసుకున్నాను. అప్ప ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఆమెకి ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు. మాస్టారు చదివిస్తానన్నాక మళ్లీ చేయడం ఎందుకనిపించింది. సోమవారం రామతీర్థంలో కూడా కొబ్బరి మట్టలు రాలేంత గాలి వీచింది. ముందే చెప్పి మంచి పని చేశామని అనుకున్నాను.

మంగళవారం పొద్దున్న నేను విజయనగరం ఇంటి తాళం తీస్తుండగా అప్ప వచ్చింది. తట్ట లేదు. చీర మీద ఇసుక ఎండిపోయి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పట్టుకుని నుంచుంది.

"ఏలమ్మా అలా సెప్పినావు?" అంది.

నాకు అర్థం కాలేదు. ఏం చెప్పాను అప్పా అన్నాను.

"సంద్రం నెమ్మదిగున్నాది, ఎల్లొచ్చు అన్నావు. మొన్న సాయంత్రం. పాకలో అందరూ ఇన్నారు."

"మొన్న నేను ఊళ్లోనే లేను అప్పా. రామతీర్థంలో ఉన్నాను."

"నీ గొంతు నానెరగనా?"

"నిజం చెబుతున్నాను. నేను మాట్లాడలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత చాలా మెల్లగా, "మరి మాటాడింది ఎవులు?" అని అడిగింది.

అసలేమైందో చెప్పమన్నాను. జరిగింది ఆమె చెప్పింది. సోమవారం తెల్లారకముందే వాళ్ల పల్లె నుంచి నాలుగు పడవలు వెళ్లాయి. గాలి లేవగానే తిరుగుముఖం పట్టాయి. మూడు ఎలాగో ఒడ్డుకి చేరాయి. ఆమె భర్త పడవ ఇంకో వంద గజాలుందనగా కెరటంలో తిరగబడింది. పడవలో ఉన్న మిగతా ముగ్గురూ ఈదుకుంటూ వచ్చేశారు. పడవ అంచు ఆయన భుజం మీద పడింది. వలా ఇంజనూ పోయాయి. ఆయన జిల్లా ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆమెతో ఆసుపత్రికి వెళ్లాను. ఆయన మగతగా పడుకుని ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టాడో లేదో తెలియదు. అక్కడి నుంచి స్టేషనుకి వెళ్లాను.

ప్రసారమైనవన్నీ కంప్యూటర్లో నమోదవుతాయి. నేనెప్పుడూ తెరిచి చూసే అవసరం రాలేదు. ఆదివారం ఏడు గంటల వరుసలో నా కార్యక్రమం పేరు ఉంది. దాని పక్కన ప్రత్యక్ష ప్రసారం అని ఉంది. అనౌన్సరు గడిలో నా పేరు ఉంది. ఫైలు తెరిస్తే నా గొంతే. అది వెనకటి మాఘమాసంలో నేను చదివినది. సముద్రం అద్దంలా ఉన్న రోజులవి. కొండగాలి చల్లగా తగులుతుంది, కెరటం తక్కువ, నిశ్చింతగా వెళ్లి రండి అంటున్నాను. చివర్లో ఎవరో పిలిస్తే నవ్వడం కూడా ఉంది. అంతకు ముందు ఆదివారం చూశాను, ఆ ముందు సోమవారం చూశాను. వానాకాలం మొదటి నుంచి ప్రతి వారం ఆ రెండు రోజులూ నా పాత మాటలే. తేదీ చెప్పే ముక్క మాత్రం కత్తిరించేశారు. ఆ రోజుల్లో ఇంత గాలి ఎప్పుడూ లేవలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మాస్టారు తన గదిలో ఉన్నారు. నేను అరవలేదు. ఆదివారం హెచ్చరిక చదివించారా అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. మరచిపోయానమ్మా అన్నారు. ఆ ఫైలు ముందే పెట్టేసి ఉంది, ఆదివారం స్టేషన్లో ఎవరూ ఉండరు, దానంతటదే వెళ్లిపోతుంది అన్నారు.

జానపదాలు వేస్తామన్నారు కదా అన్నాను.

"పాటలు వేస్తే సాయం ఆగిపోతుంది. ఏడు రోజులూ కార్యక్రమం ఉండాలి. ఏడు రోజులకీ నీకు డబ్బివ్వడానికి యజమానులు ఒప్పుకోలేదు. నేనేం చెయ్యను? స్టేషను మూసేస్తే నువ్వూ నేనూ ఎక్కడికి పోతాం?"

నా గొంతే ఎందుకు వేశారని అడిగాను. ఇంకెవరి గొంతైనా పెట్టి ఉంటే వాళ్లు నమ్మేవాళ్లు కాదేమో, వెళ్లేవాళ్లు కాదేమో అన్నాను.

"నీ గొంతయితే ఎవరూ అనుమానించరు" అన్నారు. అన్న తర్వాత ఆ మాట తనకే వినబడినట్టుంది, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

నేను బయటికి వచ్చేశాను. మళ్లీ ఆ గదిలోకి వెళ్లలేదు.

ఫిర్యాదు రాశాను. తీరం వెళ్లిన బృందంలో, అప్ప మాట రాసుకున్న అధికారినే వెతుక్కుంటూ ఆయన ఆఫీసుకి వెళ్లాను. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, మొత్తం చదివారు. తర్వాత స్టేషను పంపిన నివేదిక తెప్పించి నా ముందు పెట్టారు. ఏడాదిలో ఒక్క రోజు కూడా తప్పకుండా ప్రసారమైనట్టు అందులో ఉంది. ప్రసారమైందా లేదా అన్నదే మేం చూసేదమ్మా, అందులో ఏ లోటూ కనబడటం లేదు అన్నారు. తాజాగా ఉండాలన్న షరతు సంగతి అడిగాను. దాన్ని కొలిచే పద్ధతి తమ దగ్గర లేదన్నారు. ఒప్పంద పత్రం తీసి, ఇది మీ సంతకమేనా అని అడిగారు. రికార్డు చేసిన ప్రతి మాట మీదా సర్వహక్కులూ స్టేషనువే అని అందులో ఉంది. నాదే అన్నాను.

నా ఫిర్యాదు తీసుకుని ముద్ర వేయించారు. దాని మీద విచారణ జరిపామని, ఉల్లంఘన ఏమీ లేదని రెండు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి పాలైన మనిషిని ఎవరూ వెళ్లి ఏమీ అడగలేదు.

ఆ ఉత్తరం రాకముందే నేను పల్లెకి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. వలల పాకలోనే కూర్చున్నారంతా. అప్ప భర్త కూడా ఆసుపత్రి నుంచి వచ్చేసి అక్కడే ఉన్నాడు, చెయ్యి మెడకి కట్టి ఉంది. ఆ చెయ్యి ఇక వల లాగడానికి పైకి లేవదని డాక్టరు చెప్పాడట. నేను నుంచుని జరిగింది జరిగినట్టు చెప్పాను. పాత టేపు సంగతి, మాస్టారికి ఫోన్ చేసిన సంగతి, మీకు ఫోన్ చేయని సంగతి కూడా చెప్పాను. ఎవరూ మధ్యలో ఆపలేదు. అయిపోయాక ఒక పెద్దాయన, రేడియోలో బతికున్న మనిషి మాటకీ, దాచిపెట్టిన మాటకీ తేడా ఎలా తెలుస్తుందని అడిగాడు. తెలియదు అన్నాను.

అప్ప భర్త నా మీద కోపం చూపించలేదు. "నువ్వు అబద్దం ఆడనేదమ్మా. నాకు తెలుసు" అన్నాడు. నాకు అక్కడే ఏడుపు వచ్చేసింది.

అప్ప మాత్రం వల మీద నుంచి చెయ్యి తీసి అడిగింది. "ఆఫీసర్లొచ్చిన దినం మా సేత మంచి రేడియో అని సెప్పించినావు గదా. ఏట మానేసి కూకున్నాం నీకోసరం. ఆ మాట పట్టుకునే గదా ఆళ్లకి డబ్బులిచ్చినారు?"

అవును అప్పా అన్నాను.

"అయితే మా మాట కూడా వాడుకున్నారన్నమాట."

అందులో నిష్ఠూరం లేదు. లెక్క సరిచూసుకున్నట్టు అంది. మాస్టారు నా గొంతుని ఎలా వాడుకున్నారో, నేను ఆమె మాటని అలాగే తీసుకెళ్లి ఇచ్చాను. నాకు తెలియదు కదా అని చెప్పబోయి మానేశాను. నాకూ ఆమెకీ ఇద్దరికీ తెలియదు, కానీ భుజం విరిగింది ఆ ఇంట్లో.

నేను మానేశాక కూడా కొన్ని నెలలు నా గొంతు ఏడు గంటలకి వస్తూనే ఉంది. వకీలు నోటీసు ఇప్పించాక ఆపారు. తర్వాత ఎవరిదో వేరే గొంతు పెట్టారు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదువుతుంది, వాయవ్య దిశ నుండి అని. సాయం మళ్లీ మంజూరైంది. మాస్టారు వేదిక మీద శాలువా కప్పించుకుంటున్న ఫొటో పేపర్లో వచ్చింది. దాని పక్కన చిన్న ఫొటో ఒకటి. వలల పాకలో లేచి మాట్లాడుతున్న అప్పది. తీరప్రాంత శ్రోత అని కింద రాశారు. ఆ పేపరు నేను ఆమెకి చూపించలేదు. మార్కెట్లో ఎవరో చూపించారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నేను గజపతినగరంలో ఒక బడిలో పిల్లలకి సంగీతం చెబుతున్నాను. ఒకసారి బస్టాండులో మాస్టారు ఎదురుపడ్డారు. ఎలా ఉన్నావమ్మా అన్నారు. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది, వినేవాడు మూరెడు దూరంలో ఉన్నట్టు. బాగున్నానండీ అన్నాను. మాస్టారూ అనే పిలుపు నోట్లోంచి రాలేదు. ఆయనకి అది తెలిసింది. బస్సు రాకముందే పక్కకి వెళ్లిపోయారు.

అప్ప మా వీధిలోకి రావడం మానేసింది. నేనే మార్కెట్‌కి వెళ్లి కలిశాను. రోజూ సాయంత్రం సముద్రం సంగతి నేనే కనుక్కుని, మీ మాటల్లో చెప్పి ఫోన్లో పంపిస్తాను అన్నాను. ఎవరి డబ్బూ అక్కర్లేదు, ఎవరి స్టూడియో అక్కర్లేదు, నా గొంతుతోనే పంపిస్తాను అన్నాను.

ఆమె చేపల మీద నీళ్లు చల్లింది.

"రాసి పంపించమ్మా, సాలు. గొంతొద్దు."

అప్పటి నుంచి రాసి పంపిస్తున్నాను. పైన ఆ రోజు తేదీ వేస్తాను. ఆమెకి కొత్తగా వచ్చిన కోడలు పదో తరగతి దాకా చదివిందట, పాకకి వచ్చి అందరికీ చదివి వినిపిస్తుందట. ఆ అమ్మాయి ఎలా చదువుతుందో నేనెప్పుడూ వినలేదు.